ఎడం చేతి ముద్ద

ఇవాళ తెమలవలసిన పనులు ఇవి. ఆరో నంబరు మంచం మీది పైడయ్యకు గడ్డం గీయాలి. ఒళ్లు తుడవాలి. నడుము కింద ఎర్రబడిన చోట పౌడరు అద్ది, పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. ఉతికిన లుంగీ కట్టాలి. గోళ్లు తీయాలి, ముఖ్యంగా ఎడం చేతివి. ఆధార్ జెరాక్సు, డిశ్చార్జి కాగితం, మందుల చీటీ ఒకే కవర్లో పెట్టాలి. నాలుగో నంబరు కృష్ణంరాజు గారికి ఊపిరి ఆడుతోందో లేదో గంటకోసారి చూడాలి. జలీల్ సాయిబు కళ్లలో చుక్కలు వేయాలి. మిగతా మంచాల దుప్పట్లు మార్చాలి. మధ్యాహ్నానికి పైడయ్యకు అన్నం పెట్టాలి. కాదు, పెట్టకూడదు. పైడయ్య తనంతట తను తినేటట్టు చూడాలి.

వరహాలమ్మ ఇవేవీ రాసుకోలేదు. ఆమెకు చదువు రాదు. ఏడో వార్డు నేల తుడుస్తూ, మనసులోనే వల్లె వేసుకుంటోంది. తుడుపుకర్రను రోజూ రెండు చేతులా పట్టుకుంటుంది. ఇవాళ కుడిచేత్తోనే లాగుతోంది. ఎడం చెయ్యి మోచేతి నుంచి చిటికెన వేలి దాకా ఎవరో తాడు కట్టి గుంజుతున్నట్టుంది. నిన్న పైడయ్యను పొర్లించినప్పుడు కండరం పట్టేసిందనుకుంది.

యాభై ఏడేళ్ల మనిషి. సన్నటి ఒళ్లు, చీర మీద ఆయాలకిచ్చే నీలం కోటు, ఫినాయిలుకు తెల్లగా ముడతలు పడ్డ వేళ్లు. కొండవాలు మీద ఆమె గది నుంచి రోడ్డుకు అరవై నాలుగు మెట్లు. రోజూ ఒక్క ఊపున దిగే ఆ మెట్ల మీద ఇవాళ రెండు చోట్ల కూర్చుంది.

ఆ ఆసుపత్రిలో ఏడో వార్డును అందరూ కాంప్లెక్స్ అంటారు. ఊళ్లో పెద్ద బస్టాండు పేరది. వైద్యం అయిపోయాక ఇంటికి తీసుకెళ్లే మనిషి లేనివాళ్లను ఈ వార్డులో ఉంచుతారు. ఏదో ఒక ఆశ్రమంలో మంచం ఖాళీ అయ్యేదాకా, నెలో, ఆర్నెల్లో, వాళ్లు ఇక్కడే. పాత భవనం, మూడో అంతస్తు, పద్నాలుగు మంచాలు. కిటికీలు హార్బరు వైపు. తెరిస్తే యారాడ కొండ కనబడుతుంది, క్రేన్లు కనబడతాయి, బొగ్గు దుమ్ము లోపలికి వస్తుంది. మూసినా వస్తుంది. పొద్దున్న తుడిచిన కిటికీ గట్టు మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాయవచ్చు.

స్ట్రెచర్లు తోసే ఎల్లారావు టీ ఫ్లాస్కు పట్టుకుని వచ్చాడు.

“అప్పా, ఇయ్యాల బీమిలి వ్యాను వత్తాదంట కదా. ఒక స్ట్రెచరు తెమ్మంటావా, రెండా?”

“నోరు ముయ్యిరా. పొద్దున్నే ఏటా మాటలు?”

“నానన్న మాటేటి? అందరూ అంటన్నదే కదా.”

అందరూ అనేది ఇది. ఆశ్రమం వ్యాను వచ్చిన రోజున కాంప్లెక్స్‌లో ఒక మంచం కాదు, రెండు ఖాళీ అవుతాయి. ఒకరు ముందు గేటు నుంచి వెళ్తే, పొద్దుగూకేలోగా ఇంకొకరు వెనక గేటు నుంచి వెళ్తారు. వెనక గేటు పక్కన మార్చురీ. వేసవిలో అలాగే అయింది. దీపావళి ముందు అలాగే అయింది. నెల కిందట వ్యాను బీచి రోడ్డు ఎక్కిందో లేదో, పదకొండో నంబరు మీద దుప్పటి కప్పేశారు. సిస్టర్ జ్యోతిర్మయి ఇదంతా ఉత్తిదని కొట్టిపారేస్తుంది. వ్యాను వచ్చే రోజున మాత్రం ఆమె కూడా నాలుగో నంబరు దగ్గర ఇంకో రెండు నిమిషాలు ఆగుతుంది.

నాలుగో నంబరు కృష్ణంరాజు గారు పదహారు రోజులుగా సరిగ్గా కళ్లు తెరవలేదు. వరహాలమ్మ తుడుపుకర్ర గోడకు ఆనించి, ఆయన గుండెల మీద అరచెయ్యి పెట్టింది. చాలాసేపటికి గానీ చెయ్యి పైకి లేవలేదు. లేచింది. ఆమె కూడా ఊపిరి వదిలింది.

పైడయ్య పోర్టులో కలాసీగా ముప్పై ఏళ్లు మూటలు మోసిన మనిషి. భుజాలు ఇంకా వెడల్పుగానే ఉన్నాయి గానీ కుడివైపు మొత్తం కట్టు తెగిన మూటలాగా జారిపోయింది. పక్షవాతం వచ్చి నాలుగు నెలలు. అతనున్న అద్దె గది ఓనరు ఆటోలో తెచ్చి దింపి వెళ్లాడు. పెళ్లాం ఎప్పుడో పోయింది. పిల్లలు లేరు. మాట నాలుక మీద తడబడుతూ వస్తుంది గానీ అర్థమవుతుంది.

“తల కదపకన్నా. గీరుకుంటాది,” అంది వరహాలమ్మ, సబ్బునురగ మీద రేజరు ఆనించి.

“ఎల్తానా, సెల్లీ?”

“నువ్వు తింటే ఎల్తావు. తినకపోతే నా మొకం సూత్తా ఇక్కడే ఉంటావు.”

“నువ్వు పెట్టు. తింటాను.”

“నాను పెడితే ఆశ్రమం ఆయన నీ పేరు రాసుకోడు.”

పైడయ్య ఎడం చేతిని దుప్పటి కిందికి లాక్కున్నాడు. “ఆ సెయ్యి కూటికి కాదు. కడుక్కునే సెయ్యి.”

పక్క మంచం మీద జలీల్ గొంతు సవరించుకున్నాడు. పాత ఊళ్లో యాభై ఏళ్లు మిషను కుట్టిన దర్జీ. తుంటి విరిగింది, చూపు మసకబారింది, నోరు మాత్రం ఎక్కడా తగ్గలేదు.

“పైడయ్యా, ఒక్క మాట అడుగుతాను, కోప్పడకు. నాలుగు నెల్ల నుంచి నిన్ను కడుగుతున్నదెవరు?”

పైడయ్య కళ్లు వరహాలమ్మ వైపు తిరిగాయి.

“వరహాలమ్మే కదా. మరి నీ ఎడం చెయ్యి నాలుగు నెల్లుగా ఏం పని చేసింది? ఏ పనీ లేదు, కూర్చుని తింది. ఈ వార్డులో దానంత శుభ్రమైన చెయ్యి ఇంకోటి లేదు.”

దూరంగా ఉన్న మంచాల మీద ఇద్దరు ముగ్గురు నవ్వారు. పైడయ్య మూతి ఎడమవైపు కొంచెం సాగింది. వరహాలమ్మ రేజరు పైకెత్తి, ఆ నవ్వు అయిపోయేదాకా ఆగింది.

పదిహేను రోజుల కిందట ఆశ్రమం మేనేజరు దేవీప్రసాద్ వచ్చి పైడయ్యను చూశాడు. మంచివాడే. గొంతు పెంచకుండా చెప్పాడు. “మా దగ్గర నలభై మందికి ఐదుగురే మనుషులండీ. అందరికీ కలిపి నోట్లో పెట్టలేం. తన చేత్తో తను తినాలి. వీపు మీద పుండు ఉండకూడదు. ఈ రెండే చూస్తాం.” కంచం ముందు పెడితే పైడయ్య మొహం తిప్పుకున్నాడు. చెంచా ఇచ్చారు. చెంచా పట్టినా అదే చెయ్యి కదా అన్నాడు. దేవీప్రసాద్ పదిహేను రోజులు గడువిచ్చాడు. ఆ మంచం కోసం ఇంకో ఆసుపత్రిలో ఇంకొకాయన ఎదురుచూస్తున్నాడు.

గడువు ఇవాళ్టితో సరి.

గడువు సంగతి దేవీప్రసాద్ చెప్పాడు. వీపు సంగతి వరహాలమ్మకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎర్రటి మచ్చను వేలితో నొక్కితే తెల్లబడి, మళ్లీ ఎర్రబడితే ఫర్వాలేదు. నిన్న నొక్కింది. తెల్లబడలేదు. ఇంక వారం, మహా అయితే పది రోజులు. తరవాత తోలు చిట్లుతుంది. చిట్లిన మనిషిని ఏ ఆశ్రమమూ తీసుకోదు. అలా చిట్లినవాళ్లు ఈ వార్డు నుంచి ఏ గేటున వెళ్లారో ఆమెకు ఒక్కొక్కరూ గుర్తే.

తప్పు తనదేనని కూడా ఆమెకు తెలుసు. పద్నాలుగు మందికి గంటన్నరలో అన్నాలు కావాలి. కలిపి నోట్లో పెడితే ఐదు నిమిషాలు. నేర్పాలంటే ముప్పావు గంట. కొంత జాలి, కొంత తొందర. మొదటి వారంలోనే కంచం ముందు పెట్టి వదిలేస్తే ఆకలే నేర్పి ఉండేది. నాలుగు నెలలు పెట్టింది. పెట్టి పెట్టి అతనికున్న ఒక్క చెయ్యినీ పడుకోబెట్టింది.

అందుకే దేవీప్రసాద్ వచ్చి వెళ్లిన మర్నాటి నుంచి, తన మధ్యాహ్నం అన్నం పైడయ్య మంచం పక్కన స్టూలేసుకుని తినడం మొదలుపెట్టింది. ఎడం చేత్తో.

మొదటి రోజు సగం అన్నం వదిలేసింది. వాళ్ల ఊళ్లో చిన్నపిల్ల ఎడం చెయ్యి కంచంలో పెడితే మణికట్టు మీద గరిటతో కొట్టేవారు. ఆమె చేతి మీదా ఒక మచ్చ ఉంది. పైడయ్య మూడు రోజులు గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఐదో రోజు చూశాడు. తొమ్మిదో రోజు ఆమె చేతిలోంచి ముద్ద జారి ఒళ్లో పడితే నవ్వాడు. పన్నెండో రోజు తన చేతిని నీళ్లగ్లాసులో ముంచి, తుడుచుకుని, అన్నం ముట్టుకున్నాడు. మూడు ముద్దలు. అది కూడా ఆమె ఎదురుగా తింటుంటేనే. ఆమె ఆపితే ఆపేసేవాడు.

సిస్టర్ జ్యోతిర్మయి మందుల ట్రే పట్టుకుని వచ్చి, ఆమెను చూసి ఆగింది.

“ఆ చెయ్యెందుకలా నొక్కుకుంటున్నావు?”

“కండరం పట్టేసిందమ్మా. నిన్న ఈయన్ని పొర్లించాను కదా.”

“చెమటలేంటి మరి? కిందికెళ్లి ఒకసారి ఈసీజీ తీయించుకో. నేను ఫోన్ చేసి చెప్తాను.”

“రేపు తీయించుకుంటానమ్మా. ఇయ్యాల ఈయన్ని ఒగ్గేసి ఎక్కడికెల్తాను? వ్యాను వత్తాది కదా.”

“పది నిమిషాల పని.”

“పది నిమిసాలే కదా. రేపైనా పది నిమిసాలే.”

జ్యోతిర్మయి ఇంకేదో అనబోయింది. కింది నుంచి ఎవరో పిలిచారు. వెళ్లిపోయింది.

ఇరవై రెండేళ్ల కిందట వరహాలమ్మ ఇదే భవనానికి రోగి తాలూకు మనిషిగా వచ్చింది. లారీ క్లీనరుగా తిరిగే భర్త కామెర్లతో ఒళ్లంతా పచ్చబడి వచ్చాడు. పదకొండో రోజున పోయాడు. ఆ పొద్దు ఆయా రాలేదు. మంచం కింద నేలంతా పాడైపోయి ఉంది. భర్త పోయిన చోటు అలా వదిలి వెళ్లబుద్ధి కాక, వరహాలమ్మే బకెట్టు తెచ్చి శుభ్రంగా కడిగింది. అప్పటి హెడ్ సిస్టరు ఏమీ అనకుండా నిలబడి చూసి, పదిహేను రోజులు పోయాక పనికి రమ్మని కబురు పెట్టింది. ఆవిడ రిటైరైపోయింది. కాంట్రాక్టర్లు నలుగురు మారారు. వరహాలమ్మ నీలం కోటు మూడుసార్లు మారింది. ఆ ఇరవై రెండేళ్లలో ఆమె గురించి ఎవరైనా చెప్పుకోవలసినంత సంగతి ఒక్కటీ జరగలేదు. ఎవరూ చెప్పుకోనూ లేదు.

దేవీప్రసాద్ పదకొండున్నరకే వచ్చేశాడు. మధ్యాహ్నం వరకూ ఆగలేనన్నాడు. వ్యానుకు ఇంకో రెండు చోట్ల పనుంది. అన్నాల ట్రాలీ పన్నెండున్నరకు గానీ రాదు.

“భోజనం లేకుండా ఎలా చూస్తానండీ?” అన్నాడు వాచీ చూసుకుని.

“ఉండండి బాబూ,” అంది వరహాలమ్మ.

కిటికీ గట్టు మీద ఆమె సంచీ ఉంది. అందులోంచి స్టీలు డబ్బా తీసింది. కూతురు రాణి పూర్ణా మార్కెట్లో గిన్నెల కొట్లో పనికి చేరిన కొత్తలో తల్లికి తెచ్చిన డబ్బా అది. మూత మీద మిషనుతో చుక్కలు చుక్కలుగా పేరు కొట్టించి మరీ తెచ్చింది. అక్షరాలు రాని వరహాలమ్మ తన పేరు ఎక్కడైనా గుర్తుపడుతుందంటే ఆ మూత మీదే. మూత తీసి గట్టు మీద పెట్టింది. అన్నం, పప్పు, ఓ వారగా వేయించిన ఎండు నెత్తళ్లు.

పైడయ్యను లేపి, వీపు వెనక దిండు పెట్టి కూర్చోబెట్టింది. డబ్బా అతని ఒళ్లో పెట్టి, గ్లాసుతో నీళ్లు పక్కన పెట్టింది. తను స్టూలు మీద ఎదురుగా కూర్చుంది. దేవీప్రసాద్, జ్యోతిర్మయి, ఎల్లారావు మంచం కాళ్లవైపు నిలబడ్డారు.

పైడయ్య అందరి వైపూ చూశాడు. చెయ్యి దుప్పటి కిందే ఉంది.

ఇంతమంది ఎదుట తను ముందు తినాలని వరహాలమ్మకు అర్థమైంది. ఎడం చెయ్యి ఎత్తబోయింది. లేవలేదు. ఒడిలో ఆ చెయ్యి ఎవరిదో అయినట్టు పడి ఉంది. ఒక్క క్షణం పైడయ్య ఆమె చేతివైపు, ఆ తరవాత మొహంవైపు చూశాడు. చచ్చుబడ్డ చెయ్యి ఎలా ఉంటుందో ఆ గదిలో అతనికే తెలుసు.

“సెల్లీ,” అన్నాడు.

“ఏటీ నేదు. తిను.”

పళ్లు బిగించి, భుజంతో లాగి, చేతిని డబ్బా దాకా తెచ్చింది. చన్నీళ్లలో ముంచినట్టు వేళ్లు తిమ్మిరిగా ఉన్నాయి. పప్పన్నం ముద్ద చేసింది. నోటి దాకా తెచ్చేసరికి సగం ముద్ద కోటు మీద పడింది. మిగతా సగం తింది. దేవీప్రసాద్ నేలవైపు చూశాడు. ఎల్లారావు ఏదో హాస్యమాడబోయి ఆగిపోయాడు. ఆమె రెండో ముద్ద తింది. నుదుటి మీది చెమట కంట్లోకి దిగింది, తుడుచుకోలేదు. మూడో ముద్ద పైకి లేవలేదు. చెయ్యి డబ్బా అంచు మీదే ఉండిపోయింది.

పైడయ్య దుప్పటి కింది నుంచి చెయ్యి తీశాడు. నీళ్లలో ముంచాడు. లుంగీకి తుడుచుకున్నాడు. డబ్బాలో పెట్టాడు. మూటలు మోసిన ఆ లావుపాటి వేళ్లు మెల్లగా అన్నాన్ని దగ్గరికి లాక్కున్నాయి. మొదటి ముద్ద అతను నోట్లో పెట్టుకోలేదు. వరహాలమ్మ వైపు చాచాడు.

“నాకు కాదన్నా. నువ్వు తిను. రాసుకుంటాడు,” అంది ఆమె, సన్నగా.

అతను తిన్నాడు. మళ్లీ కలిపాడు. మళ్లీ తిన్నాడు. నెత్తళ్లు కూడా తిన్నాడు. ముద్ద తరవాత ముద్ద, ఆమె చెయ్యి కదలకుండా ఉండగానే, డబ్బా అడుగు కనబడేదాకా తిన్నాడు. ఈసారి ఆమె తినడం ఆపినా అతను ఆపలేదు.

“ఏం జరుగుతోంది? ఎవరైనా చెప్పండయ్యా, నాకు కనబడదు,” అన్నాడు జలీల్.

“తింటన్నాడు సాయిబుగారూ,” అన్నాడు ఎల్లారావు.

దేవీప్రసాద్ వీపు చూశాడు. తోలు చిట్లలేదు. మచ్చ మీద వేలు పెట్టి, ఆలోచించి, “రేపటి నుంచే పక్కలు తిప్పి పడుకోబెట్టాలి,” అని తనకు తను చెప్పుకుని కాగితం మీద సంతకం చేశాడు.

వ్యాను ఆ రెండు చోట్ల పనీ ముగించుకుని మూడింటికి వచ్చింది. స్ట్రెచరు మీదికి మార్చినప్పుడు పైడయ్య ఖాళీ డబ్బాను ఎడం చేత్తో గుండెలకు ఆనించుకుని ఉన్నాడు. ఎల్లారావు తీసుకోబోతే వేళ్లు బిగించాడు.

“డబ్బా ఇచ్చేయ్ బావా. అప్పది అది.”

“ఉండనియ్యిరా,” అంది వరహాలమ్మ. “మూత రేపు ఎవులితోనైనా పంపుదాం.”

లిఫ్టు దగ్గర పైడయ్య ఆమెను చూశాడు. “రేపు ఎవులెదుట తినాలి?”

“అక్కడా నీలాటోడు ఇంకొకడు ఉంటాడు. ఆడి ఎదుట కూకుని తిను. నిన్ను సూసి ఆడూ తింటాడు.”

లిఫ్టు తలుపు మూసుకుంది. వరహాలమ్మ కిటికీ దగ్గరికి వచ్చింది. వ్యాను ముందు గేటు దాటడం చూసింది. ఆరో నంబరు పరుపు చుట్టి ఎండకు పెట్టాలి. మంచం ఇనుపపట్టీలు డెట్టాలుతో తుడవాలి. కృష్ణంరాజు గారిని చూడాలి.

ముందు కృష్ణంరాజు గారినే చూసింది. గుండెల మీద చెయ్యి పెట్టింది. ఈసారి చాలాసేపు ఆగింది. అప్పుడు ఆయన కళ్లు తెరిచాడు.

“టీ ఉందా అమ్మా?” అన్నాడు.

పదహారు రోజుల తరవాత మొదటి మాట. జ్యోతిర్మయి పరుగెత్తుకుంటూ వచ్చింది. ఎల్లారావు ఫ్లాస్కు వంచి గ్లాసు నింపాడు. “రాజుగారూ, మీకోసం రెండో స్ట్రెచరు తెచ్చి పెట్టాను. దండగైపోనాది,” అన్నాడు. అందరూ నవ్వారు. వ్యాను వచ్చిన రోజున కాంప్లెక్స్‌లో అలా నవ్వడం ఎవరికీ గుర్తులేదు. రెండు మంచాల మాట ఇన్నాళ్లకు తప్పిపోయింది.

వరహాలమ్మ పరుపు చుట్టి, ఇనుపపట్టీలు తుడిచి, ఆరో నంబరు పక్కన స్టూలు మీద కూర్చుంది. తల పక్కకు వాల్చి మంచం రాడ్డుకు ఆనించింది.

ఐదింటికి జలీల్ అన్నాడు, “వరహాలమ్మా, నా కళ్లలో చుక్కలు.”

అతను మెడ ఎత్తి ఆరో నంబరు వైపు చెవి పెట్టాడు.

“నిద్రపట్టిందా? పోనీలే. పొద్దున్నుంచి నడుం వాల్చలేదు. ఇంకో పావుగంట ఆగుతాను.”

హార్బరులోంచి ఓడ కూత వినబడింది. జలీల్ పావుగంట ఆగాడు. తరవాత ఇంకో పావుగంట. పైడయ్య ఎలా తిన్నాడో తను ఊహించుకున్నదంతా ఆమెకు చెప్పాడు. మళ్లీ చుక్కలు అడిగాడు. మళ్లీ అడిగినప్పుడు అతని గొంతు మారింది. ఆ గొంతు విని జ్యోతిర్మయి వచ్చింది.

వరహాలమ్మ ఎడం చెయ్యి ఒడిలో వెల్లకిలా ఉంది. సబ్బుతో కడిగినా గోళ్ల చివర పప్పు పసుపు పోలేదు.

ఎల్లారావు రెండో స్ట్రెచరు తెచ్చాడు. వెనక గేటు వైపు మెల్లగా తోసుకుంటూ వెళ్లాడు.

రాణి మర్నాడు తల్లి సంచీ తీసుకోవడానికి వచ్చింది. చెప్పులు, దువ్వెన, బస్సు పాసు. డబ్బా సంగతి జ్యోతిర్మయి చెప్పింది. రాణి మూత చేతిలోకి తీసుకుని, చుక్కల మీద వేలు పోనిచ్చింది.

“డబ్బాలో ఆయన తింటన్నాడు కదమ్మా. ఉండనియ్యండి. మూత మీరే ఉంచండి. వ్యాను వచ్చినప్పుడు పంపండి,” అంది.

వ్యాను ఆ తరవాత రెండుసార్లు వచ్చి వెళ్లింది. మూత పంపడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.

భీమిలి వైపు వెళ్లి, ఏ ఆశ్రమంలోనైనా మూతలేని స్టీలు డబ్బాలో ఎడం చేత్తో అన్నం తింటున్న ముసలాయన కనబడితే, అసహ్యించుకోకండి. అతనికి ఆ ముద్ద నేర్పిన మనిషి పేరు వరహాలమ్మ. ఆమెను ఒక్కసారి తలుచుకోండి. పేరున్న మూత మాత్రం ఏడో వార్డు కిటికీ గట్టు మీదే ఉంది. రోజూ ఎవరో ఒకరు బొగ్గు దుమ్ము తుడుస్తుంటారు, స్టీలు మీది నలుపు పోతుంది, చుక్కల్లో చేరింది పోదు, అందుకని ఆ అక్షరాలు రోజురోజుకీ ఇంకా స్పష్టంగా కనబడుతున్నాయి.